పొర బంగారం, అట్ట నాసిరకం: ఒక సౌర ఫిల్టర్ సమీక్ష

గ్రహణాల మీద నాకు మోజు లేదు. సూర్యుడి మచ్చలు ఎదిగి కరిగే తీరును కాగితం మీద గీసుకోవాలని ఈ ఫిల్టర్ కొన్నాను. నా 70 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు సరిపోయింది. కాంతిలో లక్షో వంతే లోపలికి వస్తుంది. సూర్యుడు తెల్లగా కనిపిస్తాడు. నారింజ రంగు పులిమే చవక పొరలకంటే ఇదే నయం.

2024 మేలో 13664 అన్న సంఖ్య ఇచ్చిన మచ్చల గుంపును దీనితోనే వెంబడించాను. మొదట విడివిడి చుక్కలే. పక్కనున్న 13668 గుంపుతో కలిసిపోయాక అడ్డూ అదుపూ లేకుండా పెరిగి, సుమారు పదిహేను భూగోళాల వెడల్పుకు చేరింది. మచ్చల నడిమి నల్లని ప్రచ్ఛాయలు, వాటి చుట్టూ బూడిదరంగు ఉపచ్ఛాయ, మచ్చను చీల్చే వెలుగు గీతలు యాభై రెట్లు పెద్దది చేసి చూస్తేనే తెలిశాయి. మే 10న భూమిని తాకిన జి5 స్థాయి (అన్నిటికంటే తీవ్రమైన) అయస్కాంత తుఫాను ఈ గుంపు ఘనకార్యమే. పశ్చిమ అంచు దాటుతూ కూడా 14న ఎక్స్8.7 జ్వాల (ఎక్స్ అంటే అతి బలమైన తరగతి) విసిరింది. సూర్యుడి వెనకవైపు తిరిగి నెలాఖరుకు చిక్కిపోయి, 13697 అన్న కొత్త సంఖ్యతో తిరిగొచ్చింది. పొగరు మాత్రం తగ్గలేదు!

అట్ట చట్రం వదులు. గాలికి ఊడితే కన్ను పోతుంది, టేపుతో బిగించండి. ప్రతిసారీ పొరను దీపానికెదురుగా పట్టి సూదిబెజ్జాలు వెతకండి. ఫైండర్‌కు (గురి చూసే చిన్న దుర్బిణికి) మూత తప్పనిసరి. పెట్టె మీద ఆ మాటే లేదు.