ఆటుపోట్లున్న నదిలో రోజుకి బోటు అద్దె: 4/5, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే

ముందే చెప్పేస్తా, బోట్లు పాతవి, సీట్లు ఉత్త చెక్కబల్లలు, పైన నీడ లేదు, పెట్రోల్ ట్యాంక్‌కి గేజ్ కూడా లేదు. అయినా బోటు కావాలంటే నేను వీళ్ళ దగ్గరికే వెళ్తా, ఎందుకంటే మనం ఫలానా రోజు కావాలి అనగానే వీళ్ళు మొదట తీసేది టైడ్ టేబుల్ (పోటు అంటే నీళ్ళు ఎక్కేది, ఆటు అంటే దిగేది, ఆ టైంల పట్టిక), రిజిస్టర్ ఆ తర్వాతే. వేరే చోట్ల నేను చూసింది "ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు" అని ఒకటే స్లాటు, నీళ్ళు ఎటు పోతున్నా వాళ్ళకి పట్టదు, డబ్బు కట్టామా తాళం ఇచ్చామా అంతే.

ఈ తేడా ఎందుకంత పెద్దదో చెరువులోనో డ్యామ్ వెనకాలో బోటింగ్ చేసి వచ్చినవాళ్ళకి అస్సలు అర్థం కాదు, అందుకే కొంచెం లెక్క చెప్తా. ఈ అద్దె బోట్లు పదహారు అడుగుల లోపువి, వెనక చిన్న ఔట్‌బోర్డ్ మోటార్, నలుగురు ఎక్కితే గంటకి 9 కిలోమీటర్లు పోతే గొప్ప. ఆటు గట్టిగా లాగే టైంలో నది గంటకి 5 కిలోమీటర్లు సముద్రం వైపు పోతోంది అనుకోండి, వాలున గంటలో 14 కిలోమీటర్లు వెళ్ళిపోతాం, ఆహా ఏం స్పీడు అని ఫొటోలు కూడా తీసుకుంటాం. అదే దూరం ఎదురు రావాలంటే గంటకి 4 కిలోమీటర్లే, అంటే మూడున్నర గంటలు. ఇంజిన్ సౌండ్ ఏం మారదు, పక్కన నీళ్ళు కూడా అంతే స్పీడుగా పోతున్నట్టు కనిపిస్తాయి, ఒడ్డున ఉన్న చెట్టు మాత్రం కదలదు. పెట్రోల్ కూడా ఆ లెక్కనే తాగుతుంది మరి.

అందుకని వీళ్ళు ఎవరికైనా చెప్పే ప్లాన్ ఒక్కటే, పోటు మొదలయ్యాక బయల్దేరి నీళ్ళతో పాటు పైకి వెళ్ళండి, పోటు నిండాక కాసేపు ఆగండి, ఆటు మొదలవగానే దానితో పాటు కిందికి వచ్చెయ్యండి. రెండువైపులా నదే తోస్తుంది. ఇందులో ఇంకో లాభం ఉంది, పోటు ఎక్కుతున్నప్పుడు ఇసుక మేట మీద బోటు ఆగిపోయినా కంగారు లేదు, కాసేపట్లో నీళ్ళే పెరిగి లేపేస్తాయి. ఆటులో ఆగిపోతే మాత్రం చుట్టూ నీళ్ళు దిగిపోయి బురదలో కూర్చోవడమే, మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు అంత ఎత్తుకి చేరేదాకా, అది పది పన్నెండు గంటలు కూడా కావచ్చు. దిగి నడిచి ఒడ్డుకి పోదాం అనే ఆలోచనే వద్దు అని కౌంటర్ దగ్గర గట్టిగా చెప్తారు, ఆ బురద చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెడితే తొడదాకా దిగిపోతుంది, బయటికి లాగడం ఒక్కరి వల్ల కాదు.

చాలాచోట్ల పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కాబట్టి ఈ ఆదివారం పొద్దున్న తొమ్మిదికి భలే కుదిరింది కదా అని వచ్చే ఆదివారం కూడా అదే టైంకి బుక్ చేస్తే దాదాపు ఉల్టా అయిపోతుంది, నిండు పోటు ఉండాల్సిన చోట బురద ఉంటుంది. వీళ్ళ స్లాట్లు అందుకే వారం వారం మారిపోతుంటాయి. కొంతమంది రివ్యూల్లో "టైమింగ్స్ ఒక తీరుగా ఉండవు, ప్రొఫెషనల్‌గా లేరు" అని ఒక స్టార్ ఇచ్చారు, చదివి నవ్వొచ్చింది. చంద్రుడికి కంప్లయింట్ పెట్టాలి వాళ్ళు.

ఇక అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత ఒకట్రెండు రోజులు నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి, ప్రవాహం కూడా గట్టిగా ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళూ పిల్లలతో వెళ్ళేవాళ్ళూ అష్టమి తర్వాత రోజుల్లో తీసుకోండి, హాయిగా ఉంటుంది. అలవాటున్నవాళ్ళకి ఈ అమావాస్య, పౌర్ణమి నిండు పోటు రోజుల్లో ఒక సుఖం ఉంది, మామూలప్పుడు బోటు పోని పక్క పాయల్లోకి కూడా వెళ్ళొచ్చు, కాకపోతే అక్కడ ఎంతసేపు ఉండాలన్నది మన చేతిలో ఉండదు. ఒక విషయంలో వీళ్ళని మెచ్చుకోవాలి, గాలి ఎదురుగా బాగా వీస్తుంటే నిండు పోటు రోజుల్లో బోటు ఇవ్వరు, డేట్ మారుస్తారు లేదా డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. ప్రవాహం ఒకవైపు గాలి దానికి ఎదురు అయితే అల నిటారుగా, పొట్టిగా, దగ్గర దగ్గరగా లేస్తుంది, అదే గాలి ప్రవాహంతో పాటు వీస్తే నీళ్ళు చాలా నయంగా ఉంటాయి. కాబట్టి వెళ్ళేటప్పుడు చక్కగా ఉన్న నది నీళ్ళు తిరగబడగానే ఎగిరెగిరి పడేలా మారిపోవచ్చు, గాలి ఏమీ పెరక్కుండానే.

బోటు ఇచ్చేముందు చెప్పే పాఠం మామూలు రోజుల్లో చాలా బాగుంటుంది. చోక్ ఎప్పుడు లాగాలి, ట్యాంక్ మూత మీద గాలి స్క్రూ తిప్పడం (ఇది మర్చిపోతే కాసేపు నడిచి ఆగిపోతుంది, మోటార్ పాడైందని ఫోన్లు చేస్తారట జనం), మోటార్ వెనక నుంచి సన్నటి నీటిధార వస్తోందో లేదో చూస్తూ ఉండటం, ఆ ధార ఆగిందంటే కూలింగ్‌కి నీళ్ళు అందట్లేదని, వెంటనే ఆపెయ్యాలి. ఎర్ర చుట్టల కిల్ కార్డ్ నడిపే మనిషి కాలికి తగిలించి లాగి చూపిస్తారు, మనిషి నీళ్ళలో పడితే మోటార్ తనంతట తాను ఆగిపోవాలి కదా, లేకపోతే బోటు గుండ్రంగా తిరుగుతూ పడినవాడి మీదికే వస్తుంది. రివర్స్ గేర్ కొట్టించి, రేవు దగ్గర ప్రవాహానికి ఎదురుగా వచ్చి ఎలా ఆపాలో ఒకసారి మన చేతే చేయిస్తారు. ప్రవాహంతో పాటు వచ్చి రేవుకి తగిలించబోతే చుక్కాని మాట వినదు, గుద్దేస్తాం.

కానీ సెలవు రోజుల్లో ఇదంతా హడావిడిగా అయిపోతుంది, నా అసలు కంప్లయింట్ ఇదే. క్యూలో జనం ఉంటారు, పోటు టైం ఎవరి కోసమూ ఆగదు, దాంతో లంగరు సంగతి గబగబా రెండు ముక్కల్లో ముగించేస్తారు. లంగరు గురించి తక్కువ చెప్తే ఎలా అండి. నీళ్ళు రెండు మీటర్లున్న చోట పోటు మొదట్లో లంగరు వేసి పడుకున్నామనుకోండి, అక్కడ నీళ్ళు నాలుగు మీటర్లు పెరిగేవైతే చివరికి లోతు ఆరు మీటర్లు. తాడు అయితే ఆ పెద్ద లోతుకి అయిదారు రెట్లు వదలాలి, రెండు మీటర్లకి సరిపడా వదిలితే మధ్యలో లంగరు లేచిపోయి బోటు తన దారిన తాను పోతుంది. రేవుకి కట్టేటప్పుడు దీనికి రివర్స్, నిండు పోటులో తాడు బిగించి కట్టేసి ఊళ్ళోకి వెళ్ళొస్తే నీళ్ళు దిగిపోయి బోటు తాడుకి వేలాడుతూ ఉంటుంది. ఇవి రెండూ బోటులో ఒక కార్డు మీద రాసి అతికిస్తే సరిపోయేది.

లైఫ్ జాకెట్లు బాగున్నాయి, శుభ్రంగా ఆరబెట్టి సైజుల వారీగా పెడతారు, చిన్నపిల్లలవాటికి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉంది, అది లేకపోతే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. పెద్దవాళ్ళ దాని లేబుల్ మీద నంబర్ చూడండి ఎక్కడ తీసుకున్నా సరే, 50 న్యూటన్లు (అది మనిషిని తేల్చే బలం కొలత) అని ఉంటే అది ఈత వచ్చినవాళ్ళకి ఒడ్డు దగ్గర వాడుకోవడానికి మాత్రమే, స్పృహ తప్పిన మనిషి ముఖం పైకి తిప్పి ఉంచే పని దానిది కాదు. వీళ్ళ దగ్గర పెద్దవాళ్ళకి 150 ఉన్నవి ఇస్తున్నారు, అది మంచి పాయింటు.

మ్యాప్ గురించి చెప్పకపోతే అన్యాయం. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన నది మ్యాప్, దాని మీద ఆటులో బయటపడే మేటలన్నీ రంగు వేసి, ఆ రోజు పోటు టైం, ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాల్సిన టైం స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తారు. పోటు టైం కూడా మూడుచోట్లకి మూడు రాస్తారు, ఎందుకంటే ముఖద్వారం దగ్గర నిండిన టైంకి పైన ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఆలస్యం. ఫోన్‌లో ఏదో ఒక రేవు పేరు కొట్టి చూసుకున్న టైం మొత్తం నదికి పనికిరాదు. పై వంపుల్లో పోటు గబగబా ఎక్కేసి ఆటు నెమ్మదిగా చాలాసేపు దిగుతుంది, పైన వానలు పడితే ఆ ఆటు ఇంకా గట్టిగా లాగుతుంది. బోయాల (నీళ్ళలో తేలుతూ దారి చూపే గుర్తులు) రంగులు కూడా మ్యాప్‌లోనే ఉన్నాయి. వేరే దేశాల్లో బోటు నడిపి వచ్చినవాళ్ళు మాత్రం ఆ పాత అలవాటుతో పోకండి, ప్రపంచంలో ఎక్కువ చోట్ల సముద్రం నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఎర్ర బోయా ఎడమవైపు ఉండాలి, అమెరికా ఖండాల్లో, జపాన్‌లో, దక్షిణ కొరియాలో, ఫిలిప్పీన్స్‌లో అదే కుడివైపు.

డిపాజిట్ దగ్గర జాగ్రత్త. ప్రొపెల్లర్ దెబ్బతింటే అందులోంచి కోసేస్తారు, అది న్యాయమే, కానీ ముందే ఉన్న గీతలకి మీరు బాధ్యులు కాకూడదంటే బయల్దేరేముందు మోటార్ పైకెత్తి ప్రొపెల్లర్ రెక్కలు ఫొటో తీసుకోండి, వాళ్ళు అభ్యంతరం చెప్పరు. నాకు నచ్చనిది ఆలస్యం ఫైన్. పోటు ఆలస్యమై రేవు దగ్గర నీళ్ళు చాలక బయట ఆగాల్సి వచ్చినా గడియారం లెక్కనే వేస్తున్నారు. నీళ్ళు చూసి స్లాట్ ఇచ్చేవాళ్ళు ఫైన్ దగ్గరికొచ్చేసరికి గడియారం పట్టుకుంటే ఎలా, అదే అడిగా, రాసుకుంటాం సార్ అన్నారు, ఇంకా మారలేదు. ఆ ఒక్క స్టార్ దీనికీ, సెలవు రోజుల హడావిడికీ కలిపి.

బ్యాటరీ బోట్లు కూడా కొత్తగా పెట్టారు, సౌండ్ లేదు, పిట్టలు ఎగిరిపోవు, చాలా బాగుంది, కానీ చార్జింగ్ ఎన్ని గంటలొస్తుందని వాళ్ళు చెప్పేది నిలకడ నీళ్ళ లెక్క. ఎదురు ప్రవాహంలో అన్ని గంటలు నడిచినా దూరం సగం కూడా రాదు, కాబట్టి అవి అష్టమి రోజుల్లో, అదీ పై వంపుల వైపు వెళ్తేనే తీసుకోండి. గొడుగు, తాగే నీళ్ళు, నీళ్ళు తోడటానికి ఒక మగ్గు మీరే తెచ్చుకోవాలి, బోటులో ఇచ్చే డబ్బాకి చిల్లు ఉంది.