డెన్మార్క్‌లో మట్టెల వోల్వ దగ్గరికి

ముందే చెప్పేస్తున్నా. కోపెన్‌హాగెన్‌లో వోల్వ పేరుతో రాత్రి పూట జరిగే పూజలకు ఎవరైనా టికెట్లు అమ్మితే, కాస్త ఆలోచించి కొనండి. మాకు మనిషికి 495 క్రోనులు, ముగ్గురికి 1485 అయింది. మేం వెళ్లినప్పుడు క్రోను 12 రూపాయలు, అంటే దాదాపు 18 వేలు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వోల్వ అంటే నార్స్ వాళ్ల, అంటే పాతకాలపు స్కాండినేవియా జనం, మతంలో జరగబోయేది చెప్పే స్త్రీ. చేతిలో కర్ర ఉంటుంది, ఆ కర్రను బట్టే ఆ పేరు. వాళ్లు చేసే తంతు పేరు సెయిద్, దాన్ని దేవుళ్లకు నేర్పింది ఫ్రెయా దేవత. దేవుళ్లకు పెద్ద అయిన ఓడిన్ కూడా లోకం ఎలా పుట్టిందో, ఎలా అంతమవుతుందో ఒక వోల్వనే అడిగి తెలుసుకున్నాడు. వీళ్ల గురించి చదవడం నాకు చాలా ఏళ్లుగా ఇష్టం. మా ఆయన నా కోసం వచ్చారు. అత్తమ్మ మాత్రం "ఇంట్ల ఒక్కదాన్ని కూసొని ఏం చెయ్యాలె" అని బయల్దేరింది.

ఇక ఆ రాత్రి సంగతి. అద్దె హాలు, డప్పు, పొగ మిషన్. నల్ల ముసుగు వేసుకున్నామె ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్న అడగమంది. మా ఆయనకు ఉద్యోగంలో మార్పు ఉందని చెప్పింది. రెండో ప్రశ్న కావాలంటే ఇంకో 200 కట్టాలట. అత్తమ్మ లేచి బయటికి వచ్చేసింది. పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి. "పచ్చి కుండ మీద నిలబడ్డామె వానల ముచ్చట చెప్తది, ఊరి ముచ్చట చెప్తది. ప్రశ్నకింత అని పైసలు అడుగుతదా?" అంది. హోటల్ దాకా మా ఆయన నోరు విప్పలేదు.

అత్తమ్మ అన్నది నాకు నూటికి నూరుపాళ్లు సరిగ్గా అనిపించింది. ఎర్ర ఎరిక్ సాగా అనే పాత ఐస్‌లాండ్ కథలో గ్రీన్‌లాండ్ వోల్వ థోర్బ్యోర్గ్ ఉంది. కరువులో వేటకెళ్లినవాళ్లు అరకొర వేటతో వస్తుంటే, థోర్కెల్ అనే పెద్ద రైతు ఆమెను ఇంటికి పిలిపించాడు. కోడి ఈకల దిండు వేసి కూర్చోబెట్టి, మేకపాల జావ పెట్టారు. మర్నాడు ఆమె ఎత్తైన పీట ఎక్కింది. కానీ పాట లేనిదే పని జరగదు. ఆత్మలను రప్పించే ఆ పాట గుద్రిద్ అనే ఒక్క అమ్మాయికే వచ్చు. ఆమేమో క్రైస్తవురాలు, పాడనంది. బతిమాలగా పాడింది, ఆడవాళ్లంతా పీట చుట్టూ నిలబడ్డారు. వోల్వ ముందు చెప్పింది కరువు ఎప్పుడు పోతుందో, రోగాలు ఎప్పుడు తగ్గుతాయో. ఎవరి సొంత ప్రశ్నలైనా ఆ తర్వాతే. మా హాల్లో ఎవరూ పాడలేదు, ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

మర్నాడు నేషనల్ మ్యూజియంలో మనసు కుదుటపడింది. టికెట్ డబ్బులకు రెట్టింపు విలువ. హోబ్రో ఊరి దగ్గర ఫ్యుర్కాట్ అనే వైకింగ్ కోట పక్కన ఒక సమాధిలో దొరికిన వస్తువులు అక్కడున్నాయి. క్రీ.శ. 980 ప్రాంతపు స్త్రీ, వోల్వ అయి ఉంటుందంటారు. గుర్రబ్బండి తొట్టిలో పడుకోబెట్టి, బంగారు దారం కుట్టిన నీలం, ఎరుపు బట్టలతో పూడ్చారు. పక్కన కంచు తొడుగులున్న లోహపు కర్ర. ఖురాసానీ వాము గింజలు కూడా దొరికాయి, నిప్పులో వేస్తే మత్తు పొగ వచ్చే రకం. కాళ్ల దగ్గర పెట్టెలో గుడ్లగూబ కక్కిన ముద్ద, చిన్న చిన్న ఎముకలు. కుర్చీ ఆకారంలో చిట్టి వెండి తాయెత్తు.

అత్తమ్మ అద్దానికి ముక్కు ఆనించి, "అగో, మట్టెలు!" అని గట్టిగా అంది. నిజంగానే కాలివేళ్ల వెండి ఉంగరాలు. స్కాండినేవియాలో ఇంకెక్కడా అలాంటివి దొరకలేదు. అత్తమ్మ తన చెప్పు విడిచి, తన మట్టెలు ఓసారి, లోపలివి ఓసారి చూసుకుంది. ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాం. మా ఆయన కూడా అప్పుడే మొదటిసారి ఫోన్ జేబులో పెట్టారు.

హోబ్రోకు రైలు ప్రయాణం హాయిగా సాగింది. రాత్రికి 780 క్రోనుల గది, పొద్దున వేడి ఓట్స్ జావ అందులోనే. ఇంటి పెద్దావిడ అడగకుండానే అత్తమ్మకు మళ్లీ వడ్డించింది. అలాంటి చోటే దిగండి. ఫ్యుర్కాట్ కోట ఊరికి సుమారు 3 కిలోమీటర్లు. గుండ్రటి మట్టికట్ట, నాలుగు ద్వారాలు, లోపల 16 ఇళ్లున్న గుర్తులు. గాలి విపరీతం, మఫ్లర్ మర్చిపోకండి. బయట సుమారు 30 సమాధులు తవ్విన చోట ఇప్పుడు గడ్డే.

అత్తమ్మ ఆ గడ్డి దగ్గరే ఆగిపోయింది. "ఆమె మట్టెలు ఆడ పెట్టి, ఆమెను ఈడ ఇడిసిండ్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఆయన టాక్సీకి ఫోన్ చేశారు, వచ్చేసరికి అరగంట పట్టింది.