దేవసహాయం దారిలో నాగర్‌కోయిల్: ప్యాకేజీ కారు ఎక్కకండి

కన్యాకుమారిలో లాడ్జీల దగ్గర "వేదసాక్షి దేవసహాయం యాత్ర, ఒక రోజు" అని ప్యాకేజీ అమ్ముతున్నారు. వేదసాక్షి అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు; దేవసహాయం తిరువాన్కూరు రాజు కొలువులో ఉద్యోగి, క్రైస్తవం తీసుకున్నాక 1752లో చంపారు. నలుగురికి కారు 4,800 రూపాయలు. ఆ డబ్బు దండగ. సమాధి ఉన్న కోట్టారు గుడికి పొద్దున్నే తీసుకెళ్తారు, ప్రాణం పోయిన కొండకు మిట్టమధ్యాహ్నం, కథ మొదలైన ఉదయగిరి కోటకు సాయంత్రం గేటు వేసే ముందు. కొండ దగ్గర ఇచ్చింది 15 నిమిషాలు. గవ్వల కొట్లో కూర్చోబెట్టింది గంటా పది నిమిషాలు. కారులో ఉన్న పెద్దావిడ ఎండకు కాలిన రాతి మీద చెప్పుల్లేకుండా నడిచి అరికాళ్లు బొబ్బలెక్కించుకుంది. తిరిగొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు అవే చోట్లు బస్సుల్లో, ఆటోల్లో చూస్తే నలుగురికీ కలిపి అయింది 740.

బస కన్యాకుమారిలో వద్దు, నాగర్‌కోయిల్‌లో తీసుకోండి. వడసేరి బస్టాండు దగ్గర ఏసీ లేని డబల్ రూము 1,400కి దొరికింది, శుభ్రంగా ఉంది. ప్యాలెస్, కోట ఉన్న తక్కల వైపు బస్సులూ, ఆరల్వాయ్‌మొళి మీదుగా తిరునెల్వేలి వెళ్లే బస్సులూ అక్కడే ఎక్కొచ్చు.

చూడవలసిన వరస ఆయన బతుకు నడిచిన వరసే. పొద్దున తొమ్మిదికల్లా పద్మనాభపురం ప్యాలెస్‌లో ఉండండి. సోమవారం మూత, ఇది మరిచిపోతే రోజంతా తలకిందులు. ఉన్నది తమిళనాడులోనే అయినా ప్యాలెస్‌ను చూసుకునేది కేరళ ప్రభుత్వం. నట్టాలంలో 1712లో పుట్టిన నీలకంఠ పిళ్లై, అంటే తర్వాతి దేవసహాయం, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. కొలువు ఉన్నది ఈ చెక్క మేడల్లోనే. ఇక్కడ గంటన్నర చాలు.

అసలు సమయం ఉదయగిరి కోటకు కేటాయించండి. మన నెల్లూరు ఉదయగిరి కాదు. ఇది పులియూర్‌కురిచ్చిలో, నాగర్‌కోయిల్ నుంచి తిరువనంతపురం పోయే రోడ్డు పక్కనే, సుమారు 14 కిలోమీటర్లు. 1741లో కొలచెల్ యుద్ధంలో డచ్చివాళ్లు ఓడిపోయారు. పట్టుబడిన వాళ్లలో యుస్టాషియస్ డి లనోయ్ ఒకడు. మార్తాండవర్మ అతణ్ని చంపలేదు, సైన్యానికి శిక్షణ ఇచ్చే పని అప్పగించాడు. ఈ కోటను బలపరిచిందీ, ఇక్కడ ఫిరంగులు పోత పోయించిందీ అతనే. నీలకంఠ పిళ్లైకి కష్టకాలంలో బైబిల్లోని యోబు కథ చెప్పి క్రీస్తు గురించి తెలియజేసింది కూడా ఈ ఖైదీ సేనానే. ప్యాకేజీ గైడు డి లనోయ్‌ని పాదిరి అన్నాడు. అది తప్పు. అతను సైనికుడు, 1777లో చనిపోయేదాకా తిరువాన్కూరు కొలువులోనే ఉన్నాడు.

కోట లోపల పార్కు ఉంది, జింకలున్నాయి, పిల్లలు అక్కడే ఆగిపోతారు. దాన్ని దాటి ముందుకు నడిస్తే పైకప్పు లేని చిన్న ప్రార్థనాలయం, అందులో డి లనోయ్ సమాధి, పక్కన భార్యా కొడుకుల సమాధులు. ఆయన రాతి పలక మీద లాటిన్‌లో ఒకసారి, తమిళంలో ఒకసారి చెక్కారు. వంగి దగ్గరగా చూస్తేనే తమిళ అక్షరాలు తెలుస్తాయి. వెలుతురు ఏటవాలుగా పడాలి, అందుకే పొద్దుటి పూట వెళ్లమంటున్నాను.

కోటకు దగ్గర్లోనే ముట్టిడిచ్చాన్ పారై. మోచేత్తో కొట్టిన బండ అని అర్థం. నీలకంఠ పిళ్లై 1745లో వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది లాజరస్, అంటే దేవసహాయం, అయ్యాడు. 1749లో బంధించారు. తర్వాత మూడేళ్లు ఊరూరా తిప్పారు: దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కొరడాలతో కొట్టి, గాయాలకు మిరియాలు రుద్ది. అలా తీసుకుపోతుంటే దాహమై మోచేత్తో కొడితే ఈ బండలో నీళ్లు ఊరాయని జనం నమ్మకం. ఉన్నది చిన్న గుంట. పెద్ద ఊటను ఊహించుకుని వెళ్లినవాళ్లు నిరాశపడతారు, వెళ్లేముందే ఇంట్లోవాళ్లకు చెప్పండి. సీసా నింపుకోవడానికి తోసుకోకండి, మూత నిండా తీసుకుంటే చాలు.

మధ్యాహ్నం నాగర్‌కోయిల్ తిరిగొచ్చి భోజనం చేయండి. ఉడికించిన కర్రపెండలం మీద చేపల పులుసు పోసి 120కి పెడతారు. పెద్దావిడ మళ్లీ నోరు విప్పింది అక్కడే.

ఆయన ప్రాణం పోయిన కొండ కాట్రాడిమలైకి సాయంత్రం నాలుగు దాటాకే. ఆరల్వాయ్‌మొళి దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. కాట్రాడి అంటే గాలికి తిరిగేది. కొండల సందులోంచి వచ్చే గాలి అలాంటిది, చుట్టూ గాలిమరలు కూడా అందుకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొవ్వొత్తి వెలిగించాలనుకోవడం వృథా. 1752 జనవరి 14న ఆయన్ని తుపాకులతో కాల్చి చంపింది ఈ రాళ్ల మధ్యనే. మోకరించిన గుర్తులని చూపించే బండ ఉంది. దానికంటే మణియడిచ్చాన్ పారై దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఆయన ప్రాణం పోయినప్పుడు విరిగిపడిందంటారు. గులకరాయితో తడితే కంచు గంటలా ఖంగుమంటుంది. అరచేయి ఆనిస్తే మోత ఆగిపోతుంది, అందుకే చేయి తీసి తట్టాలి. పెద్ద రాయితో బాదేవాళ్లు కనిపిస్తే ఆపండి, పెచ్చులూడుతున్నాయి. జనవరి 14న మాత్రం జనసముద్రం, నిలబడి ప్రార్థించే వీలుండదు.

ఇక్కడి బోర్డుల మీద లేని మాట ఒకటుంది. ఆయనకు శిక్ష పడింది మతం మారినందుకు కాదు, రాజద్రోహం నేరం కింద అని వాదించే తిరువాన్కూరు చరిత్రకారులున్నారు. విచారణ జరిపిన శ్రీసభ, అంటే కతోలిక చర్చి, మాత్రం విశ్వాసం కోసమే చంపారని తేల్చింది, తక్కువ కులాలన్నవాళ్లతో కలిసి మెలిసి ఉండడం కూడా పై కులాల కోపానికి కారణమని చెప్పింది. 2012లో ధన్యుడిగా, 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ చేతుల మీదుగా పునీతుడిగా (సెయింట్) ప్రకటించారు. భారతదేశపు గృహస్థుల్లో మొదటి పునీతుడు ఆయనే. పేరు చివరి పిళ్లై కులాన్ని సూచిస్తుందని రోము తీసేసింది. తీసేయడమే సరైనది. కొందరు గైడ్లు ఇంకా పట్టుబట్టి తగిలిస్తున్నారు.

రెండో రోజు మిగిలితే వడక్కన్‌కుళం వెళ్లండి. ఆయన భార్య జ్ఞానపూ సమాధి అక్కడే. ఆయన జ్ఞానస్నానం పొందిన ఈ ఊళ్లోనే 19వ శతాబ్దంలో కట్టిన గుడిలో కులాలను వేరుచేస్తూ గోడ ఉండేది, దాన్ని కూల్చింది 1910లో. ఓరియూరును మాత్రం ఈ ప్రయాణంలో ఇరికించకండి. మరో వేదసాక్షి, పోర్చుగీసు పాదిరి జాన్ డి బ్రిట్టోను 1693 ఫిబ్రవరి 4న శిరచ్ఛేదం చేసిన ఆ ఎర్ర ఇసుక రామనాథపురం జిల్లాలో ఉంది, దానికి విడిగా ఒక రోజు కావాలి.

మొదటి రోజు చీకటి పడే వేళకు కోట్టారు. జంక్షన్ స్టేషనుకు దగ్గరే, రాత్రి బండి ఉన్నవాళ్లకు వీలు. డిసెంబరు 3కు ముందు పది రోజులు, ఈ గుడి ఎవరి పేరున ఉందో ఆ ఫ్రాన్సిస్ జేవియర్ పండగ రద్దీ, అప్పుడు తప్పించండి. కాల్చాక శరీరాన్ని అడవిలో పడేశారు. అయిదు రోజులకు విశ్వాసులు వెతికి, దొరికిన అవశేషాలను ఈ గుడికి తెచ్చి బలిపీఠం ముందర పూడ్చారు. కొండ నుంచి ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు, సాయంత్రం బస్సులో మీరు వచ్చిందీ అటునుంచే. దివ్యబలిపూజ (మాస్) అయ్యాక జనం లేచేదాకా ఆగండి. అప్పుడే సమాధి దగ్గర మోకరించడానికి చోటు దొరుకుతుంది.