బ్రాడీపేట వకాబ్యులరీ బైండింగ్: మీనింగులు ఫర్వాలేదు, ఆపోజిట్లే ముంచుతాయి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట జిరాక్స్ షాపుల్లో కౌంటర్ మీద దొంతరగా పేర్చి ఉంటుంది చూడండి, స్పైరల్ బైండింగ్, పైన ప్లాస్టిక్ అట్ట, ఆ అడ్వాన్స్‌డ్ వకాబ్యులరీ మెటీరియల్ సంగతి ఇది. ధర 180 రూపాయలు. 40 రోజులు, రోజుకు 30 మాటలు, మొత్తం 1200. పేజీకి నాలుగు గడులు: మాట, తెలుగు లిపిలో ఉచ్చారణ, అర్థం, ఆపోజిట్. తయారు చేసినవాళ్ల పేరు లోపల ఎక్కడా లేదు.

అర్థాల గడి బాగానే ఉంది. 'లకోనిక్' అంటే పొడిపొడిగా మాట్లాడేవాడు, 'ఎఫెమెరల్' అంటే మూణ్ణాళ్ల ముచ్చట. ఇలా రెండు మూడు తెలుగు మాటల్లో తేల్చేశారు. 'ఎనర్వేట్' దగ్గర కూడా కాలు జారలేదు. చెవికి ఎనర్జీలా వినిపించే ఈ మాటకు అసలు అర్థం నీరసపెట్టడం. దానికి ఆపోజిట్‌గా 'ఇన్విగరేట్' ఇచ్చారు, మెచ్చుకోవాలి.

గొడవంతా నాలుగో గడిలోనే. మాట ముందు 'ఇన్' కనిపిస్తే చాలు, ఆపోజిట్ కింద వేసేశారు. 'వాల్యుబుల్'కి 'ఇన్‌వాల్యుబుల్' అట. అది మన 'అమూల్యం'. ముందు 'అ' ఉందని అమూల్యమంటే పనికిరానిది అనుకుంటామా? విలువ లేనిదానికి 'వర్త్‌లెస్' ఉంది. 'ఫేమస్'కి 'ఇన్‌ఫేమస్' అనీ వేశారు. ఇన్‌ఫేమస్ మనిషి కూడా ఊరందరికీ తెలిసినవాడే, కాకపోతే చెడ్డపేరుతో. ఎవరికీ తెలియనివాణ్ని 'ఆబ్‌స్క్యూర్' అనాలి. ఇక 'ఫ్లేమబుల్'కి 'ఇన్‌ఫ్లేమబుల్' అని వేసినవాళ్లు హైవే మీద ఆయిల్ ట్యాంకర్ వెనక రాతను ఎప్పుడూ చదవలేదేమో. రెండు మాటలకూ అర్థం ఒకటే, ఇట్టే అంటుకునేది. అంటుకోనిది 'నాన్-ఫ్లేమబుల్'.

అర్థం కాస్త పక్కకు జరిగినా ఆపోజిట్ పూర్తిగా తప్పిపోతుంది. 'ఫ్రూగల్' దగ్గర పిసినారి అని రాసి, ఎదురుగా 'జెనరస్' పెట్టారు. ఫ్రూగల్ అంటే పొదుపరి, అందులో తిట్టేమీ లేదు. పొదుపరికి ఎదురు దుబారా మనిషి, అంటే 'ఎక్స్‌ట్రావగెంట్'. జెనరస్ ఎదురు నిలిచేది పిసినారికి, ఆ మాట 'మైజర్లీ'. ప్రశ్నపత్రంలో ఫ్రూగల్‌కి జెనరస్, ఎక్స్‌ట్రావగెంట్ రెండూ పక్కపక్కనే ఆప్షన్లుగా వస్తే ఈ బైండింగ్ చదివినవాడి మార్కు పోయినట్టే. కేంద్ర ప్రభుత్వ కొలువులకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలకు 50 మార్కులు. తప్పు ఒక్కోదానికి అర మార్కు కోత, రావాల్సిన రెండు ఎలాగూ రావు.

ఇంతకంటే లోతైన లోపం ఇంకోటుంది. ఆపోజిట్ మాటకు ఉండదు, ఆ వాక్యంలో దానికున్న అర్థానికి ఉంటుంది. 'క్రూడ్' ఆయిల్‌కి ఎదురు 'రిఫైన్డ్', క్రూడ్ ప్రవర్తనకు 'పొలైట్', క్రూడ్ అంచనాకు 'ప్రిసైస్'. బైండింగ్‌లో రిఫైన్డ్ ఒక్కటే ఉంది. 'శాంక్షన్' అయితే మరీ చిత్రం. బ్యాంకులో లోన్ శాంక్షన్ అయితే అనుమతి, ఒక దేశం మీద శాంక్షన్స్ పెడితే ఆంక్షలు. ఏ అర్థమో చెప్పకుండా ఆపోజిట్ అడిగితే జవాబే లేదు.

ఉచ్చారణ గడిని నమ్మొద్దు. 'ఎపిటమీ'ని ఎపిటోమ్ అని, 'హైపర్బలీ'ని హైపర్‌బోల్ అని అచ్చేశారు. ఇంటర్వ్యూలో ఇలా పలికితే దొరికిపోతారు.

అయినా కొన్నారనుకోండి, ఇలా వాడుకోండి. రోజుకు 30 వద్దు, 10 చాలు. ముందు మెరియమ్ వెబ్‌స్టర్ థెసారస్‌లో, అంటే సమానార్థకాలూ ఆపోజిట్లూ ఇచ్చే నిఘంటువులో మాట కొట్టండి, ఆన్‌లైన్‌లో ఉచితం. అక్కడ ఆపోజిట్లు ఒక్కో అర్థం కింద విడివిడిగా ఉంటాయి. బైండింగ్‌లో తప్పున్నచోట పెన్సిల్‌తో కొట్టేసి, సరైన మాటతో పాటు అది పొసిగే చిన్న వాక్యం పక్కన రాసుకోండి. తర్వాత నాలుగో గడిని నిలువుగా మడిచి, మాట చూసి ఆపోజిట్ పైకి చెప్పండి. మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ. రెండుసార్లు తప్పినదానికి చుక్క పెట్టి, మరుసటి రోజు పదిలో కలపండి. ప్రాక్టీస్ టెస్టులో ఆప్షన్లు చూడకముందే మీ జవాబు మనసులో అనుకోండి. ఆపోజిట్ అడిగిన ప్రశ్నలో సమానార్థకాన్ని ఎరగా పెట్టడం పేపర్ సెట్టర్లకు అలవాటు, తొందరలో చెయ్యి అటే పోతుంది.

ఎస్ఎస్‌సీ వాళ్లకు, చేతిలో మూడు నెలలుండి దిద్దుకునే ఓపిక ఉంటే, 180 దండగ కాదు. విదేశాల్లో పీజీ చదువులకు జీఆర్ఈ రాసేవాళ్లకు అనవసరం. ఆ పరీక్ష 2011 ఆగస్టులోనే ఆపోజిట్ల ప్రశ్నలు ఎత్తేసింది, ఇప్పుడు మాటలను పరీక్షించేది వాక్యంలో ఖాళీలు నింపించే. తమాషా ఏమిటంటే, ఆపోజిట్ల సాధనకు మాత్రం అంతకుముందటి పాత జీఆర్ఈ గైడ్లే ఈ బైండింగ్ కన్నా మేలు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి. వెనక జవాబులకు వివరణ ఉన్న గైడే తీసుకోండి.

కొనేముందు షాపులోనే పేజీలు తిప్పి చూడండి. జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన కాపీల్లో 'సీ'కీ 'ఈ'కీ తేడా తెలియదు, స్పెల్లింగే తప్పు నేర్చుకుంటారు. మా చేతికొచ్చిన కాపీలో 23వ రోజు రెండుసార్లుంది, 24వ రోజు లేదు.