పల్లె సేవకు కారా, బస్సూ నడకా?

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలకు సువార్త సేవకు పోవాలంటే ఇప్పుడు రెండు దారులు: చర్చి సంఘం కారు, లేదా పల్లెవెలుగు బస్సు దిగి నడక. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టిన రోజుల్లో కారన్న మాటే లేదు.

కారుతో ఒక్క పూటలో నాలుగు ఊళ్లు తిరగొచ్చు. మందులు, మైకుసెట్టు, వయసైన పాస్టరుగారు ఉంటే కారే మేలు, అందులో వాదన లేదు.

నడకలో మాత్రం కారు ఇవ్వనిది ఒకటి దొరుకుతుంది. ఎండలో నల్లరేగడి చేల మధ్య నడిచి ఊరు చేరేసరికి నాలుక పిడచగట్టుకుపోతుంది. మొదటి ఇంటి ముందు బండ అరుగు మీద కూలబడతాం. వాక్యం సంగతి తర్వాత, ముందు "అమ్మా, కొంచెం నీళ్లు" అని అడగాల్సి వస్తుంది. ఆమె చెంబు అందిస్తూ "ఏ ఊరు నాయనా మీది?" అంటుంది. చెప్పడానికి వచ్చినవాళ్లం ముందు ఆమెకు రుణపడతాం. యోహాను సువార్త 4వ అధ్యాయంలో యేసు కూడా ప్రయాణంతో అలసి బావి దగ్గర కూర్చుని, సమరయ స్త్రీని నీళ్లే అడిగాడు. ఏసీ కారు దిగినవాళ్ల చేతిలో వాటర్ బాటిల్ ఉంటుంది, ఆ మాట మొదలయ్యే అవసరమే రాదు.

అలాగని కష్టపడటమే భక్తి అనుకోకూడదు. బైబిల్లో రెండో కొరింథీ పత్రిక (పౌలు రాసిన ఉత్తరం) 11వ అధ్యాయంలో పౌలు మూడుసార్లు ఓడ పగలడం, ఆకలి, దప్పిక, చలి అన్నీ ఏకరువు పెట్టి, చివరికి తన బలహీనత గురించే అతిశయపడ్డాడు. వడగాడ్పులు వీచే రోజున ఎవరినీ నడకకు పంపొద్దు.

నా మాటైతే, కొత్త ఊరికి బస్సూ నడకా. జబ్బుమనిషి ఉన్న ఇంటికి, రాత్రి కూడికకు కారు.