షాపు ఫోన్‌లో మిగిలిపోయిన ఆధార్ కార్డులు: వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ ఏళ్ల తరబడి వాడాక

కావలి ఆర్టీసీ బస్టాండు దగ్గర మాది చిన్న జిరాక్స్, నెట్ షాపు. జలదంకి నుంచో బోగోలు నుంచో పనిమీద వచ్చినవాళ్లు మెట్టెక్కుతూనే అనే మాట ఒకటే: "అన్నా, నీ నంబరుకు వాట్సాప్ కొట్టినా, రెండు కాపీలు తియ్." ఆధార్, పాన్, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల మార్కుల జాబితా, ఒక్కోసారి ఆస్పత్రి రిపోర్టు. 2019 నుంచి ఇదే నంబరు. కాబట్టి నేను ఈ యాప్‌లను వాడింది ఎక్కువగా ఇతరుల కాగితాలు అందుకునేవాడిగానే.

2022లో ఇంట్లో పాపకు పాఠాల కోసం ఒక ట్యాబ్ కొని, షాపు ఫోన్‌లోని ఖాతాతోనే తెరిచి ఇచ్చా. సాయంత్రం పాప తెచ్చి చూపించింది: "నాన్నా, ఈమె ఎవరు?" ఎవరో నిండు గర్భిణి స్కానింగ్ రిపోర్టు, పేరూ వయసుతో సహా. కిందికి జరుపుతా పోతే మూడేళ్ల కాగితాలు. తప్పు ఏ యాప్‌దీ కాదు. గ్యాలరీలోకి వచ్చిన ప్రతి ఫోటో ఆన్‌లైన్‌లో దాచమని ఎప్పుడో నేనే సెట్ చేసి మరిచిపోయా. నన్ను నమ్మి పంపిన మనుషులు వాళ్లు. వాళ్లకు ఏమని చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక వాట్సాప్ సంగతి. 2016 ఏప్రిల్ నుంచి మెసేజ్‌లన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ తెరవలేని తాళం. అందిన మెసేజ్ సర్వర్‌లో, అంటే కంపెనీ కంప్యూటర్లలో, ఉండదు. అందకపోతే 30 రోజులు తాళం వేసిన రూపంలోనే ఉంచి తీసేస్తారు. దారిలో ఎవరూ చదవలేరు, అంతవరకూ గట్టిదే. నా భయం దారి గురించి కాదు, రెండు కొసల గురించి. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారనే లెక్కకు ఈ తాళం వర్తించదు, అది వేరే సంగతి.

బ్యాకప్ చూడండి, అంటే ఫోన్ పోయినా చాట్‌లు తిరిగి రావడానికి ఆన్‌లైన్‌లో దాచే కాపీ. దానికి కూడా ఎన్‌క్రిప్షన్ 2021 అక్టోబరులో వచ్చింది, కానీ మనం వెళ్లి ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెలు, అక్షరాల కీ తీసుకోవచ్చు. అది పోతే బ్యాకప్ తెరవడం ఎవరివల్లా కాదు. నేను కాగితం మీద రాసి బీరువాలో పెట్టా.

మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సదుపాయం 2020లో 7 రోజుల గడువుతో మొదలైంది, మరుసటి ఏడాది 24 గంటలదీ వచ్చింది. షాపు నంబరుకు 24 గంటలు పెట్టా. మొదట్లో గొడవే: "నిన్న పంపినాను గదా, మళ్లీ పంపమంటావేంది?" వాళ్లు అలవాటు పడ్డారు గానీ, నాకు అసలు లోపం తర్వాత తెలిసింది. చాట్‌లో మాయమైన ఫోటో, ముందే ఫోన్‌లోకి దిగి ఉంటే అక్కడే ఉంటుంది. వాట్సాప్ వెబ్‌లో తెరిచి ప్రింటు కోసం కంప్యూటర్‌లోకి దించుకున్నది కూడా అంతే. ఒక్కసారే చూసే ఫోటో పంపమందామా అంటే అది సేవ్ కాదు, ప్రింటు ఎలా తీసేది? అందుకే ఆటో డౌన్‌లోడ్, గ్యాలరీలో కనిపించడం రెండూ ఆపేశా. కాపీ చేతికివ్వగానే కంప్యూటర్‌లో ఫైలు తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తా. షాపు మూసేముందు లింక్ చేసిన పరికరాల జాబితా ఒకసారి చూస్తా.

టెలిగ్రామ్‌లో పెద్ద ఫైళ్లు తేలిగ్గా వెళ్తాయి, ఏ ఫోన్‌లో తెరిచినా పాత చాట్ అంతా వచ్చేస్తుంది. వచ్చేస్తుందంటేనే అర్థం చేసుకోవాలి, అదంతా వాళ్ల సర్వర్లలో ఉంది. ఎండ్ టు ఎండ్ రక్షణ ఇద్దరి మధ్య విడిగా తెరిచే సీక్రెట్ చాట్‌కే, గ్రూపులకు అదీ లేదు. పరీక్షల మెటీరియల్‌కు మంచిదే. ఆధార్ మాత్రం అందులో పంపమని నేను ఎవరికీ చెప్పను.

సిగ్నల్ మీద నాకు గౌరవం. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరాభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఖాతా వివరాలు అడిగితే సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. దాచుకోనిది ఎవరు అడిగినా ఇవ్వలేరు. 2024లో యూజర్‌నేమ్ కూడా వచ్చింది కాబట్టి నంబరు చెప్పకుండా మాట్లాడొచ్చు. నేనూ మా ఆడిటరూ లెక్కలన్నీ అందులోనే పంపుకుంటాం. కానీ షాపుకొచ్చేవాళ్లలో అది ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతుల గొడవప్పుడు మావాళ్లు చాలామంది సిగ్నల్‌లో చేరారు, నెల తిరక్కముందే వెనక్కి వచ్చేశారు.

ఇంకొకటి, యాప్ తీసేస్తే ఖాతా పోయిందనుకుంటారు, పోదు. ఖాతా విడిగా రద్దు చేయాలి. చేసినా మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం నమోదు వివరాలు కంపెనీ 180 రోజులు ఉంచాలి.

అన్నీ చెరిపేయాలనీ కాదు. మా నాయన పోయినాక ఆయన వాయిస్ మెసేజ్‌లు పదకొండు మిగిలాయి. ఆ చాట్‌కు గడువు పెట్టలేదు, వేరే కాపీ కూడా తీసి దాచుకున్నా. ఏది ఉండాలో ఎంచుకోవడం నా చేతిలో ఉంది. షాపు నంబరుకు కాగితం పంపినవాళ్లకు మాత్రం ఆ అవకాశం లేదు, వాళ్ల తరఫున నేనే చూడాలి. అందుకే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే పనైతే అదే దించి ఇస్తున్నా.

బోగోలు నుంచి వచ్చే పెద్దాయన ఒకరు ఇప్పటికీ ఫోన్‌లో ఏదీ పంపరు. ప్లాస్టిక్ కవర్లో ఒరిజినల్ తెస్తారు, మిషను మీద పెట్టినంతసేపూ పక్కనే నిలబడతారు, కాపీతో పాటు దాన్నీ కవర్లో పెట్టుకుని వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో ఆయన కాగితం నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు.