ఉండ విప్పితే వాపసు లేదన్న క్రోషే కిట్ కొనే ముందు

దారం, అల్లే విధానం చెప్పే ప్యాటర్న్ కలిపి క్రోషే (కొక్కెం సూదితో చేసే అల్లిక) కార్డిగన్ కిట్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవి కొనదలచినవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. అలాంటి కిట్ ఒకటి నేను 2,850 రూపాయలు పెట్టి కొని, మూడు వారాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, చివరికి సగం నష్టంతో బయటపడ్డాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. నన్ను ఇరికించిన నిబంధన వాళ్లొక్కరిదే కాదు, ఆ తరువాత చూసిన మరి మూడు చోట్ల కూడా అదే ఉంది: ‘దారం ఉండ విప్పిన తరువాత వాపసు తీసుకోము.’

చూడడానికి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. అయితే క్రోషేలో దారం మంచిదో కాదో, ప్యాటర్న్‌లో చెప్పిన కొలతకు అది సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఉన్న దారి ఒక్కటే. ఒక స్వాచ్, అంటే నమూనా ముక్క అల్లి, పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టాలి. ఉండ విప్పకుండా స్వాచ్ అల్లడం ఎవరి తరమూ కాదు. కాబట్టి తప్పు కనిపెట్టిన క్షణమే దాన్ని తిప్పిపంపే హక్కు పోయేలా ఆ నిబంధన రాసి ఉందన్నమాట.

కిట్‌లో ముదురు మెరూన్ రంగు నూలు దారం ఉండలు తొమ్మిది వచ్చాయి. ఒక్కొక్క లేబుల్ మీద 50 గ్రాములు, 105 మీటర్లు, 4 ప్లై అని ఉంది. ప్యాటర్న్‌లో 3.5 మిల్లీమీటర్ల సూదితో 18 డబుల్ క్రోషే కుట్లు, 10 వరుసలు కలిస్తే పది సెంటీమీటర్ల చదరం అని గేజ్, అంటే ఎంత చోటులో ఎన్ని కుట్లు రావాలన్న కొలత, ఇచ్చారు. చుట్టుకొలత 90 సెంటీమీటర్లు రావాలి గనుక 162 కుట్లతో మొదలుపెట్టమన్నారు. పది సెంటీమీటర్ల ముక్క అల్లి అంచు నుంచి అంచుకు కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పక్క అంచుల కుట్లు సాగుతాయి, మొదటి గొలుసు వరుస బిగుసుకుంటుంది. అందుకని నేను 30 కుట్లు, 16 వరుసలతో కాస్త పెద్ద ముక్కే అల్లాను. చెప్పిన గేజ్ నిజమైతే అది సుమారు 16.7 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఇస్త్రీ బల్ల మీద పరిచి, లాగకుండా, మెత్తటి టేపు కాక స్టీలు స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా 20 వచ్చింది. మధ్యలో గుండుసూదులు గుచ్చి లెక్కపెట్టినా పదికి 15 కుట్లే.

పదికి మూడు కుట్లే కదా అనిపించవచ్చు. అవే 162 కుట్లు పదికి 15 చొప్పున అల్లితే 90కి బదులు 108 సెంటీమీటర్ల కార్డిగన్ తయారవుతుంది. మా అమ్మాయి కోసం మొదలుపెట్టినది ఆమెతోపాటు ఇంకొకరు కూడా దూరగలిగేంత అవుతుంది. సూది మార్చి 3 మిల్లీమీటర్లతో మరో ముక్క అల్లితే 17 కుట్లు వచ్చాయి గాని, బట్ట అట్టలా బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే వంగకుండా నిలబడింది. అంకె దగ్గరపడినంత మాత్రాన గేజ్ కుదిరినట్టు కాదని నాకు అర్థమైంది అప్పుడే.

అమ్మినవారికి ఫొటోలు పంపితే ‘మీ చేయి వదులు అండి, ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది’ అని జవాబు వచ్చింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇద్దరు ఒకే దారంతో, ఒకే సూదితో అల్లినా ఒకే కొలత రాదు. మా అమ్మమ్మది నరసాపురం. అక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాని, మా ఇంట్లో ఆ అల్లిక అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచీ ఉంది. పని అప్పగించేవారు దారంతోపాటు నమూనా పువ్వు ఒకటి ఇచ్చి వెళ్లేవారట. అమ్మమ్మ తాను అల్లిన మొదటి పువ్వును దాని మీద రెమ్మకు రెమ్మ ఆనించి చూసుకుని, మిల్లీమీటరు తేడా ఉన్నా విప్పేసి మళ్లీ అల్లేది. చేతి బిగువు సంగతి ఆ ఇంట్లో పెరిగిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ముందు నన్ను నేను అనుమానించుకుని, ఇంట్లో ఉన్న పాత దారంతో అదే సూదితో ఒక ముక్క అల్లాను. దాని లేబుల్ మీద ఉన్న గేజ్ అక్షరాలా వచ్చింది.

తరువాత చేసిన పని మీరూ చేసుకోవడానికి వీలుగా వివరంగా రాస్తాను. మా భోజనాల బల్ల అంచున మీటరు దూరం గుర్తుపెట్టుకుని, దాని వెంట కొత్త దారాన్ని నలభై సార్లు కొలిచి, ఆ నలభై మీటర్లను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టాను. లేబుల్ ప్రకారం అది 19 గ్రాములు తూగాలి. 26 తూగింది. వంటింటి త్రాసు గ్రాము అటూ ఇటూ చూపినా ఇంత తేడా రాదు. అంటే 50 గ్రాముల ఉండలో ఉన్నది 105 మీటర్లు కాదు, సుమారు 77 మీటర్లు. ఉండలన్నీ తూకానికి సరిగ్గా 50 గ్రాములే ఉన్నాయి కాబట్టి తూకంలో మోసం లేదు; లేబుల్ మీద రాసినదానికంటే బాగా లావు దారం లోపల పెట్టారు, అంతే. నా చేయి ఎంత వదులైనా నలభై మీటర్ల దారం బరువు పెరగదు కదా అని రాసినదానికి నాలుగు రోజులు జవాబు లేదు.

కుట్లు తగ్గించి, 138తో మొదలుపెట్టి అల్లుకోవచ్చుగా అని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఆమె మాట విని ఉంటే కార్డిగన్ చేతుల దగ్గరికి వచ్చేసరికి దారం అయిపోయేది. మొదటి స్వాచ్ 20 సెంటీమీటర్లు, 17 సెంటీమీటర్లు, అంటే 340 చదరపు సెంటీమీటర్లు. బరువు 22 గ్రాములు. కార్డిగన్ ముందు, వెనుక భాగాలు, రెండు చేతులు కలిపి దాదాపు 7,200 చదరపు సెంటీమీటర్లు. ఆ లెక్కన 466 గ్రాముల దారం కావాలి. కిట్‌లో ఉన్నది 450. మెడ పట్టీ, అంచు ఇంకా లెక్కలోకి రానేలేదు. స్వాచ్‌ను కొలిచి వదిలేసేవారు చాలామంది ఉన్నారు గాని, దాన్ని తూచడం అంతకంటే ఎక్కువ విషయాలు చెబుతుందని నా అభిప్రాయం.

ఇక ఆ ముక్కను ఉతికాను. కార్డిగన్‌ను తరువాత ఎలా ఉతకబోతామో స్వాచ్‌నూ అలాగే ఉతికి, అలాగే ఆరబెట్టాలి. చల్లటి నీటిలో పది నిమిషాలు నానబెట్టేసరికి మగ్గులో నీళ్లు బీట్‌రూట్ ఉడికించినట్టయ్యాయి. చుట్టి పిండిన తెల్ల తువ్వాలుకు అంటిన మరక ఇంకా పోలేదు. ఆరిన తరువాత వెడల్పు 19.5కు, పొడవు 17 నుంచి 15.5కు తగ్గాయి. ఆ తీరున 50 సెంటీమీటర్ల పొడవు అనుకుని అల్లినది మొదటి ఉతుకులోనే నాలుగు సెంటీమీటర్లకు పైగా పైకెక్కి, చుట్టుకొలత మాత్రం 105 దగ్గర ఆగేది. ఉతకని స్వాచ్ నూలు దారం విషయంలో సగం అబద్ధం చెబుతుంది.

లేబుల్ మీది ‘4 ప్లై’ అనే మాట కూడా నమ్మదగినది కాదు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారన్న లెక్క మాత్రమే గాని లావు కాదు. బ్రిటన్ అలవాటులో 4 ప్లై అంటే సన్న దారం. అమెరికాలో పూర్వం ఆ మాటనే మధ్యరకం లావు ఊలుకు వాడేవారు. ప్యాటర్న్‌లోనూ ఇదే గందరగోళం. అమెరికా వారి డబుల్ క్రోషేను బ్రిటిష్ వారు ట్రెబుల్ అంటారు. బ్రిటిష్ డబుల్ క్రోషే అంటే అమెరికా సింగిల్, దాని ఎత్తు ఇంచుమించు సగం. ఏ పద్ధతిలో రాశారో చెప్పని ఈ ప్యాటర్న్‌లో వరుసల లెక్కను బట్టి చూస్తే ఒంటి భాగం అమెరికా పద్ధతి. చేతుల దగ్గరికి వచ్చేసరికి బ్రిటిష్ ప్యాటర్న్‌లలో కనిపించే హాఫ్ ట్రెబుల్ అనే కుట్టు ప్రత్యక్షమైంది. రెండు వేరువేరు ప్యాటర్న్‌లను అతికించారని నా అనుమానం.

చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ‘ఉండ విప్పారు’ అన్న సాకు దాని ముందు నిలవదని, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేస్తానని, త్రాసు మీద దారం ఉన్న ఫొటో జతచేసి రాసిన తరువాత వారి స్వరం మారింది. దారం సరఫరాదారు మారారని, ప్యాటర్న్ పాత దారానికి రాసినదని అప్పుడు ఒప్పుకున్నారు. విప్పని ఎనిమిది ఉండలకు మాత్రం డబ్బు తిరిగి ఇచ్చారు. ప్యాటర్న్ ధర, విప్పిన ఉండ ధర, తిప్పిపంపిన కొరియర్ ఖర్చు నావే.

మీరు కొనేటప్పుడు కిట్ అంతా ఒకేసారి తీసుకోకుండా ముందు ఒక్క ఉండ ఇమ్మని, మిగిలినవి అదే రంగు లాట్ (ఒకే విడతలో రంగు వేసిన దారం) నంబరులో రెండు వారాలు పక్కన పెట్టమని అడగండి. లాట్ మారితే అదే రంగు పేరుతో వచ్చినా అతుకు దగ్గర తేడా తెలుస్తుంది. ఆ గేజ్ ఏ సూదితో, ఏ దారంతో, ఉతికాక కొలిచినదా ఉతక్కముందు కొలిచినదా అని కూడా రాతపూర్వకంగా అడగండి. స్వయంగా అల్లి చూసినవారు దానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలరు. తరువాత నేను మరో దుకాణంలో అలాగే అడిగితే ఎనిమిది ఉండలు పది రోజులు తీసి ఉంచారు, ముందస్తు డబ్బు కూడా అడగలేదు.

పాత కిట్ మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు. నిన్న రాత్రి చూసేసరికి దాని వివరాలలో 18 కుట్లు, 105 మీటర్లు అలాగే ఉన్నాయి. ధర మాత్రం 2,650కి తగ్గింది.